అయిపోయాకే చదివే అప్ప

మొన్న ఎండుచేపల కొట్టు మళ్లీ తెరిచారు. దినాలన్నీ అయ్యాక తెరవడం అదే మొదటిసారి. నేను వెళ్లి నెత్తళ్లు అడిగితే అప్ప కోడలు తూచి, ప్లాస్టిక్ కవర్లో పోసి, ముడివేసి చేతికిచ్చింది. అంతవరకూ నేను బాగానే ఉన్నాను. అప్ప పోయిన రోజున కూడా నలుగురితో పాటు వెళ్లి, చెయ్యాల్సిన పనులు చేసి, ఇంటికొచ్చి అన్నం తిన్నాను. ఆ కవరు చూశాక మాత్రం ఏడుపొచ్చింది. అప్ప ఉన్నన్నాళ్లూ ఆ కొట్టులో చేపలకి కాగితం పొట్లమే కట్టేది. ఆ కాగితం నా కొట్టు నుంచి వెళ్లిందే.

నాది రాజాంలో బస్సులాగే చోట పేపర్ల కొట్టు. మా అత్తగారు పెట్టింది, ఆవిడ తర్వాత నాకొచ్చింది. ఎదురుగా అప్ప కొట్టు. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడ నాకు సొంత అప్ప కాదు గానీ బజారంతా ఆవిడని అలాగే పిలిచేది, ఆవిడ కంటే పెద్దవాళ్లతో సహా. ఏళ్ల తరబడి ఒకరి సరుకు వాసన ఒకరం భరించాం. నేనెప్పుడూ ఏమీ అనలేదు. ఆవిడే, నా పేపర్ల వాసనకి తలనొప్పి వస్తోందని వచ్చేపోయేవాళ్లకి చెప్పేది.

గురువారం గురువారం విజయనగరం నుంచి మొదటి బస్సులో ఆడవాళ్ల పత్రిక కట్ట దిగేది. వారపత్రికలు ఇంకా చాలానే వచ్చేవి గానీ, 'పత్రిక వచ్చిందా?' అంటే మాత్రం అదే. మా అత్తగారి రోజుల్లో బస్సు దిగేవాళ్ల కంటే కట్ట కోసం నిలబడ్డవాళ్లే ఎక్కువ ఉండేవారట. టీచరమ్మలు, రైసుమిల్లు వాళ్ల కోడళ్లు, ఆ బస్సే ఎక్కి డ్యూటీకి వెళ్లాల్సిన నర్సమ్మ, వడ్ల షావుకారు గారి భార్య తరఫున షావుకారు గారు. అందులో వంటలుండేవి, ముగ్గులుండేవి, మా ఆయన నాతో మాట్లాడటం లేదు ఏం చెయ్యను అని అడిగేవాళ్లకి జవాబులుండేవి. అందరూ వచ్చేది మాత్రం సీరియల్ కోసం. కొట్టు ముందే నిలబడి పేజీ తిప్పి, చదివేసి, "ఓలమ్మ, ఎంత పని సేసినాదే!" అని గుండె మీద చెయ్యి వేసుకుని, అప్పుడు డబ్బులిచ్చేవారు. పెళ్లయి వెళ్లిన పిల్లలు పుట్టింటికొస్తే ముందు నా దగ్గర ఆగి పాత సంచికలు పట్టుకెళ్లేవారు, అమ్మని తర్వాతైనా చూడొచ్చని. మగవాళ్లు అది ఆడాళ్ల పుస్తకమని తీసిపారేసేవారు. తీసిపారేసే ముందు ఒకసారి చదివేవారు.

అప్ప కూడా ప్రతి గురువారం కొనేది. చదివేది కాదు.

కొన్న పత్రికని గోనె మీద పెట్టి, పిన్నులు ఊడదీసి, సీరియల్ పేజీలు బోర్లా తిప్పి, కన్ను పడకుండా వేరుచేసి కట్టలో దాచేది. మిగతాదంతా పొట్లాలకి. అందుకే రాజాం చుట్టుపక్కల ఎండురొయ్యలు కొన్న ఇంటికల్లా వాటితో పాటు ఒక గుత్తివంకాయ కూరో, తులారాశి ఫలమో, జుట్టు రాలకుండా చిట్కానో వెళ్లేది. సీరియల్ పేజీ మాత్రం గుమ్మం దాటేది కాదు. ఆఖరి భాగం పడిందని, అడుగున సమాప్తం అని రాసి ఉందని నేను నా కళ్లతో చూసి చెప్పాక, ఆవిడ కట్ట విప్పేది. ఆవిడది భావనపాడు, సముద్రం మీద బతికే కుటుంబం. పుట్టింటి నుంచి తెచ్చుకున్న వల సూదితో, వల దారంతో ఆ పేజీలన్నీ కలిపి పుస్తకంగా కుట్టేది. మర్నాడు కొట్టు మూసేసి, దీపాలు పెట్టే వేళకి మొత్తం చదివేసేది. పనిదినం నాడు ఎండుచేపల కొట్టు మూసి ఉంటే రాజాంలో ఎవరూ కంగారు పడేవారు కాదు. సీరియల్ అయిపోయినట్టుందిలే అనుకుని మర్నాడొచ్చేవారు.

కుట్టిన పుస్తకాలు కొట్టులో అటక మీద ఉండేవి. వాటిని ఎవరూ ఎరువడిగేవారు కాదు. పిల్లులకి మాత్రం ఆ అటక మీద అభిమానం ఉండేది.

అసలు చిక్కు ఆవిడ చదివేశాక వచ్చేది. మర్నాడు పొద్దున్నే రోడ్డు దాటి నా కొట్టు ముందు నిలబడేది.

"ఆ సుజాత అలా సేసినాదేటే? బుద్దుండే సేసినాదా?"

"ఏ సుజాతప్పా?"

"ఏ సుజాతేటి! మొగుణ్ణొగ్గీసి హాస్టల్లో సేరిపోనాది కాదా!"

అప్పటికి జనం సుజాతని మరిచిపోయి, కొత్త సీరియల్లో మాధవి సంగతి పట్టుకుని ఉండేవారు. నిరుడు సంబంధం తప్పిపోయిన పిల్ల గురించి ఇవాళ బెంగపడేవాళ్లలా ఆవిడ ఒక్కతే సుజాత గురించి బెంగపడేది. మాధవి మాట ఎవరైనా ఎత్తబోతే రెండు చెవులూ మూసుకునేది. "నా కాడ అనకండే. అది అయిపోనాక మాటాడుకుందాం." ఆవిడ రోడ్డు దాటి వస్తోందంటే చాలు, నా కొట్టు ముందు ఆడవాళ్లంతా ఒక్కసారిగా ఎండల గురించి మాట్లాడేవారు.

ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగాను. "అందరిలాగ వారం వారం సదూకోవొచ్చు కదప్పా, ఏటీ శిక్ష?"

అప్ప రొయ్యల్లో పుల్లలేరుతూ, తలెత్తకుండా చెప్పింది. "మా యయ్య ఏటకెల్లి మరి రానేదు. పడవ కూడా రానేదు. మా యమ్మ గట్టు మీద కూకుని సూసేది, ఎనకాల నాను కూకుని సూసేదాన్ని. పోనాడని ఎవులూ సెప్పనేదు. వొస్తాడనీ ఎవులూ సెప్పనేదు. మా యమ్మ సచ్చిపోయేదాకా గాజులు తియ్యనేదు, తియ్యమనడానికి ఎవులికీ నోరు రానేదు. ఎదురుసూడ్డం నాను సిన్నప్పుడే సేసీసినాను సెల్లీ. డబ్బులిచ్చి మరీ సెయ్యమంటే నావల్ల కాదు."

ఏరిన పుల్లలు రోడ్డు మీదకి విసిరేసి మళ్లీ అంది. "ముగింపేటన్నది నాకక్కర్నేదే. ఉన్నాదా నేదా, అదొక్కటీ సెప్పు, సాలు."

అన్నిటికీ ఆవిడది అదే లెక్క. పెళ్లిళ్లకి తాళి కట్టాక వెళ్లేది. పిల్ల పుట్టిందని కబురొస్తే, బాలింత ఇంటికొచ్చాక చూడబోయేది. ఎన్నికలప్పుడు బజారంతా ఎవరు గెలుస్తారని కొట్టుకుంటుంటే, ప్రమాణస్వీకారం అయ్యాక పేరు చెప్పండి అనేది.

ఒక్కసారి మాత్రం కట్టలోంచి పేజీలు గుమ్మం దాటాయి. కొడుక్కి కొత్తగా పెళ్లయిన రోజులు. అప్పకి జ్వరమొచ్చి కోడల్ని కొట్టులో కూర్చోబెట్టింది. ఆ పిల్లకి ఇంటి పద్ధతి ఇంకా తెలీదు. చేతికి అందిన కట్టలోంచి కాగితం లాగి ఎవరికో ఎండు సవ్వళ్లు పొట్లం కట్టేసింది. సాయంత్రం అప్ప లేచొచ్చి కట్ట సర్దుకుంటుంటే ఒక వారం తక్కువొచ్చింది. కోడల్ని ఒక్క మాట అనలేదు. ఎవరికి కట్టావు, మనిషెలా ఉంటుంది, చీరేం రంగు అని అడిగి, నా కొట్టుకొచ్చి "పద" అంది.

"నా దగ్గర పాత సంచిక ఉంటే సూస్తానప్పా."

నా దగ్గర అప్పటికే అయిపోయాయి. ఆ కొన్నావిడ భోగాపురంలో ఉన్న కూతురింటికి పట్టుకెళ్లిందని తెలిసింది. బస్సెక్కాం. ఆ ఊరికి ఎయిర్‌పోర్టు వస్తుందని అప్పటికే చెబుతున్నారు. విమానాలు ఇక్కడే దిగుతాయట అని నేను కిటికీలోంచి ఖాళీ పొలాలు చూపిస్తే, అప్ప ఒకసారి చూసి, "అయ్యాక సూద్దారి" అంది.

ఆ ఇంట్లో సవ్వళ్లు తినేశారు. కాగితం మాత్రం పప్పు డబ్బాల కింద పరిచి ఉంది. అప్ప గుమ్మంలోనే నిలబడి కళ్లు మూసుకుంది.

"సెల్లీ, సూడు. మనదేనా? నాకేటీ సెప్పకు. అవునో కాదో, అంతే."

చదివాను. మనదే. అందులో అత్తగారు విషం సీసా ఎక్కడ దాచిందో బయటపడుతుంది. నాకు ముందే తెలిసినా మళ్లీ చదివేసరికి కొంచెం కంగారు పుట్టింది. కళ్లు తెరిచిన అప్ప నన్ను చూసి కసిరింది. "మొగం అలా ఎట్టకు. తెలిసిపోతాది." తిరిగొచ్చేటప్పుడు బస్సులో నన్ను వేరే సీట్లో కూర్చోమంది.

తర్వాత రోజులు మారాయి. ఇళ్లలో టీవీ సీరియళ్లు మొదలయ్యాయి, తర్వాత చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. కట్ట సన్నబడింది. రంగుల బొమ్మలు పోయాయి, ముగ్గులు పోయాయి, జవాబులు చెప్పే ఆవిడ కూడా ఎటో పోయింది. సీరియల్ ఒక్కటే మిగిలింది, దాని కోసం నిలబడే నలుగురాడవాళ్లు మిగిలారు. కరోనా వచ్చి బస్సులాగిపోయాయి. కొన్నాళ్లకి బస్సులు నడిచాయి గానీ కట్ట రాలేదు. మూసేశామని ఎవరూ చెప్పలేదు. మా దగ్గరకొచ్చిన చివరి సంచికలో కూడా సీరియల్ అడుగున 'ఇంకా ఉంది' అనే వేసి ఉంది.

బజారు ఆడవాళ్లొచ్చి నేనే మూసేసినట్టు నన్ను తిట్టిపోశారు. వాళ్లు తిట్టి, ఆ కథ ఏమయ్యుంటుందో తలా ఒకటి చెప్పుకుని, నెలలో సర్దుకున్నారు. అప్పకి అలా కుదరలేదు. ఆ కథలో ఒక్క అక్షరం కూడా ఆవిడ చదవలేదు, కట్ట చూస్తే ముప్పాతిక పెరిగిపోయి ఉంది.

"ముగింపు ఉన్నాదేటో కనుక్కోయే," అంది.

ఆ సీరియల్ రాసినావిడ విజయనగరంలోనే ఉందని మాకు కట్టలు పంపే ఏజెంటు చెబితే వెళ్లాను. తరతరాలుగా సంగీతం చెప్పే ఇల్లు. నేను వెళ్లేసరికి ముందు గదిలో పిల్లలు వయొలిన్ సాధన చేస్తున్నారు. రచయిత్రిగారు వాళ్లకి చేత్తో తాళం వేస్తూనే నా మాట విన్నారు.

"ముగింపా? నాకు మాత్రం ఏం తెలుసమ్మా? నేను ఏ వారానికావారం రాసి పంపించేదాన్ని. పంపించేశాక, పైవారం ఏమవుతుందా అని మీలాగే నేనూ ఎదురుచూసేదాన్ని."

"ఇప్పుడైనా అనుకుంటే చెప్పగలరేమో అని వచ్చానండి. ఒక్క మనిషి కోసం."

ఆవిడ తాళం ఆపి ఆలోచించారు. ఆ అమ్మాయి ఉద్యోగానికి వెళ్లిపోవడం ఒక ముగింపు, భర్త మారి తిరిగి రావడం ఒక ముగింపు, రెండూ బాగానే ఉంటాయి, ఏది కావాలో ఆవిడనే అడగండి అన్నారు. ఆవిడ చాలా మర్యాదస్తురాలు, కాఫీ కూడా ఇచ్చారు. నేను సంతోషంగా తిరిగొచ్చి, ముగింపులు రెండున్నాయట అని అప్పకి చెప్పాను.

"రెండున్నాయంటే ఒకటీ నేదన్నమాట," అని ఆవిడ కట్టకి ముడి బిగించి అటకెక్కించేసింది.

కట్ట అలాగే ఉండిపోయింది. ఏళ్లు గడిచాయి. నిరుడు అప్పకి గుండె నీరసమని తేలింది. ఆయాసం. కళ్లు అంతకు ముందే మసకలు. కొట్టు కోడలికొదిలేసి ఇంట్లో మంచానికి చేరింది. విశాఖపట్నం తీసుకెళ్లి చూపించి తెచ్చాక నేను చూడ్డానికెళ్లాను.

"డాకటరేటన్నాడప్పా?"

"వొచ్చే వారం రమ్మన్నాడు. ఆ పైవారం కూడా రమ్మంటాడు. బతుకుతానా పోతానా అంటే సెప్పడు. ఈడు కూడా ఇంకా ఉంది అని రాసేవోడే." వంటింటి వైపు తిరిగి కోడల్ని కేకేసింది. "ఒసే, కొట్టులో అటక మీద కట్ట తెచ్చి నా మంచం కింద ఎట్టు." తర్వాత నాతో అంది. "ఎలాగూ ఎదురుసూసే పనే అయినప్పుడు దీన్నొక్కదాన్నీ ఏరే ఎట్టడమెందుకు. సదువు."

రోజూ వచ్చి చదువుతాను, బేగి అయిపోతుందన్నాను. ఆవిడ ఉండగా అవ్వాలని నా ఆత్రం.

"అయిపోదు కదేటి! అయిపోనిదానికి తొందరెందుకు? అందరూ ఎలా సదివినారో నాకూ అలాగే సదువు. గురువారం గురువారం రా. ఒక్క వారానిదే."

అలా మొదలుపెట్టాం. జీవితంలో మొదటిసారి అప్ప వారపత్రిక పాఠకురాలైంది, పత్రిక పోయిన తర్వాత. గురువారం పొద్దున్నే తల దువ్వించుకుని దిండుకానుకుని కూర్చునేది. నేను చదువుతుంటే వంటింట్లో కోడలి రోలు చప్పుడు ఆగిపోయేది. కథలో అమ్మాయి పేరు హేమ. భర్త ఇంట్లోంచి గెంటేస్తే పిన్నిగారింట్లో తలదాచుకుంటుంది. హేమ ఒక్కో తప్పు చేస్తున్నకొద్దీ అప్ప దాన్ని పేరు పెట్టి తిట్టేది. భాగం అయిపోగానే, "ఇప్పుడది ఉత్తరం సింపీదు సూడు, దాసుకుంటాది" అని పందెం కాసేది. పైవారం హేమ ఉత్తరం చింపేసేది. అప్ప చాలా సంతోషించేది.

బుధవారాల్లో ఆయాసం తగ్గి ఉండేది, శుక్రవారాల్లో పెరిగేది. ఒక వారం నుంచి ఇంకో వారానికి మనిషిని లాక్కెళ్లే శక్తి ఆ పత్రికకి ఉందంటే కొట్టులో కూర్చున్నప్పుడు నేను నమ్మేదాన్ని కాదు. ఆ మంచం పక్కన కూర్చుని నమ్మాను. నమ్మినకొద్దీ నాకు భయం పట్టుకుంది. కట్ట తరిగిపోతోంది. కథ తెగిపోయే చోటికి వచ్చాక ఆవిడకి ఏం చెప్పాలో నాకు తెలీదు.

చివరికి ఒక గురువారం భాగం ఇలా ఆగింది. పిన్నిగారు ఊళ్లో లేరు. వాన. ఎవరో తలుపు కొట్టారు. హేమ వెళ్లి తలుపు తీసి, ఎదురుగా ఉన్న మనిషిని చూసి అలాగే నిలబడిపోయింది. ఇంకా ఉంది.

"ఎవులే?" అంది అప్ప.

"వొచ్చే వారం కదప్పా."

ఆవిడ మంచం కిందకి చెయ్యి చాపి కట్ట తడిమింది. మిగిలింది పల్చగా తగిలుంటుంది.

"ఇంకెన్నున్నాయే?"

"ఒకటే."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. పైగురువారం నేను వెళ్లి కూర్చుని, మంచం కిందకి చెయ్యి పెట్టబోతుంటే అప్ప నా చెయ్యి పట్టుకుంది.

"సెల్లీ, ఈ వారం బస్సు రానేదు కదూ?"

నేను ఆవిడ మొహంలోకి చూశాను. కట్ట నా కాలికి తగులుతూనే ఉంది.

"రానేదప్పా," అన్నాను. "కట్ట దిగనేదు."

"ఈ బస్సులెప్పుడూ ఇంతే," అని అప్ప ఆ బస్సునీ, డ్రైవర్నీ, రోడ్డునీ, విజయనగరాన్నీ తీరిగ్గా తిట్టింది. తిట్టి, తలుపు దగ్గర ఎవరయ్యుంటారో చెప్పడం మొదలుపెట్టింది. మొగుడే, బుద్ధొచ్చి ఉంటుంది అంది.

ఆ పైవారం కూడా బస్సు రాలేదు. అప్పుడు మొగుడు కాదు, అత్తగారంది. ఇంకో వారం, పిన్నిగారు దారిలో పర్సు మర్చిపోయి తిరిగొచ్చిందంది. వారం వారం నేను వెళ్లి బస్సు రాలేదని చెప్పేదాన్ని, ఆవిడ తిట్టేది, తలుపు దగ్గర ఒక కొత్త మనిషి వచ్చి నిలబడేవాడు. నేను నవ్వలేదు, ఆవిడా నవ్వలేదు. వంటింట్లో కోడలు కూడా, అత్తా, కట్ట నీ మంచం కిందే ఉన్నాది కదా అని ఒక్కసారీ అనలేదు.

ఆఖరి గురువారం ఆవిడ దిండుకి ఆనుకోలేకపోయింది. పడుకునే ఉంది. మాట నెమ్మదిగా వచ్చింది.

"బస్సు?"

"రానేదప్పా."

తిట్టడానికి ఓపిక లేదు. "నాకు తెలిసిపోనాదే," అంది. "ఎవులో కాదు. ఆ పిల్ల అయ్య. తడిబట్టల్తో వొచ్చి నిలబడుంటాడు. సముద్రం మీంచి రావాలంటే టైము పట్టదేటి మరి."

హేమ తండ్రి బ్యాంకు గుమాస్తా. కథ మొదట్లోనే పోతాడు, కర్మ కూడా చేస్తారు. ఆయన సముద్రం మొహం చూసినట్టు ఎక్కడా లేదు. అదంతా నేనే చదివి వినిపించాను, అప్ప విని, పాపం మంచోడు అని కూడా అంది.

"అయ్యుంటాదప్పా," అన్నాను.

"వొచ్చే వారం సూడు," అంది.

మంగళవారం తెల్లవారుజామున పోయింది.

ఆ చివరి భాగంలో ఏముందో నాకు తెలుసు. ఆ సంచిక నేనే అమ్మాను. తలుపు కొట్టింది గ్యాసు బండ తెచ్చినవాడు. హేమ వాడికి సంతకం పెట్టి పంపించేస్తుంది. మిగిలిన రెండు పేజీలూ పిన్నిగారి నోము. రచయిత్రిగారికి ఆ వారం ఇంట్లో పనులెక్కువై ఉంటాయి.

మొన్న ఆ ప్లాస్టిక్ కవరు పట్టుకుని నేను కళ్లు తుడుచుకుంటుంటే కోడలు తక్కెడ పక్కన పెట్టింది.

"సిన్నత్తా, ఆ కట్ట అటకెక్కించీసినాను. నాను సదవనేదు, సదవబుద్ధెయ్యనేదు. ఒక్క ముక్క సెప్పు. తలుపు కాడ ఎవులు?"

"ఆళ్ల అయ్య," అన్నాను.

"తడిబట్టల్తోనా?"

"తడిబట్టల్తోనే."